టర్బో ముందు గొట్టం: చేసుకోవాలా, కొనుక్కోవాలా?

చోడవరం నుంచి మాడుగుల మీదుగా పాడేరు వెళ్లే దారిలో ఘాట్ రోడ్డు మొదలయ్యాక, ఇంజన్ అప్పటిదాకా దాచుకున్న జబ్బులన్నీ బయటపడతాయి. మా చిన్నాన్న కొడుకు మినీ లారీ సంగతీ అక్కడే తెలిసింది. కింద భీమిలి–నర్సీపట్నం (బీఎన్) రోడ్డు మీద బాగానే నడిచిన బండి కొండ మలుపుల్లోకి వచ్చేసరికి బుస్సుబుస్సుమంటూ ఆవిరి పోతున్నట్టు చప్పుడు చేసింది. పుల్లింగ్ లేదు, వెనక నల్లపొగ. ఎలాగో లోడు దింపి తిరిగొచ్చి విప్పి చూస్తే, ఎగ్జాస్ట్ మానిఫోల్డు రెండో సిలిండరుకీ మూడో సిలిండరుకీ మధ్య చిట్లి ఉంది. చిట్లు పొడవునా మసి చార.

అది చెరకు సీజను. బండి ఆగిన ప్రతి రోజూ కిరాయి పోతుంది. కొత్త మానిఫోల్డు ధర విని తమ్ముడు సరాసరి మా ఇంటికి వచ్చాడు. "అన్నయ్యా, అంత పోసి కొనడం ఎందుకు? స్టీమ్ పైపు బెండ్లు నాలుగు తెచ్చి మనమే కట్టీసుకుందాం. నువ్వు ఐటీఐలో వెల్డింగే కదా చదివేవు" అన్నాడు.

నాకు మనసు లాగింది. చేత్తో చేసుకున్న వస్తువు ఇచ్చే తృప్తి కొన్నదానికి రాదని నమ్మేవాణ్ణి. కానీ ఆ సాయంత్రం వాడికి వెంటనే సరేననలేదు. ఎందుకు అనలేదో చెప్పడానికే ఈ అధ్యాయం. మీ చేతిలో ఉన్నది మానిఫోల్డు కాకపోవచ్చు. ఇంటికి సోలార్ వైరింగ్ కావచ్చు, చిన్న వ్యాపారానికి లెక్కల పుస్తకం కావచ్చు. అయినా ఒక వస్తువును పట్టుకుని లోతుగా చూస్తేనే విషయం తెలుస్తుంది కాబట్టి మానిఫోల్డునే పట్టుకుంటాను.

ముందు ఆ గొట్టం పని ఏమిటో చూద్దాం. సిలిండర్లలో మండిన వాయువు బయటికి వచ్చే దారి అది. మామూలు ఇంజన్లో ఆ వాయువు సైలెన్సర్ గుండా గాల్లో కలిసిపోతుంది. టర్బో ఉన్న ఇంజన్లో అదే వాయువు ముందు ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకి రెండో చివర ఉన్న ఇంకో చక్రం బయటి గాలిని లాగి, నొక్కి, ఇంజన్లోకి తోస్తుంది. ఎక్కువ గాలి అందితే ఎక్కువ డీజిల్ పూర్తిగా మండుతుంది, బండి ఘాట్ ఎక్కుతుంది. పారేసే వేడితో పని చేయించుకోవాలన్న ఈ ఆలోచనకి స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూకి 1905లోనే పేటెంట్ తీసుకున్నాడు. అది నిజంగా పనికొచ్చే యంత్రంగా నిలబడేసరికి 1925 వచ్చింది. ఆలోచన పుట్టాక కూడా ఇరవై ఏళ్లు ఆగాల్సి వచ్చిన పని ఇది.

లోడు మీద ఎక్కేటప్పుడు డీజిల్ బండి మానిఫోల్డులో వేడి 600 నుంచి 700 డిగ్రీల దాకా పోతుంది. పెట్రోల్ టర్బో ఇంజన్లో ఇంకా ఎక్కువ, 900 దాటుతుంది. మన బెల్లం పెనంలో పాకం దింపే వేడి 118 డిగ్రీల దగ్గర ఉంటుంది. దాని పక్కన నిలబడడమే కష్టం. ఈ గొట్టం దానికి ఐదారు రెట్ల వేడిని రోజుకి పదిసార్లు ఎక్కించుకుని, పదిసార్లు చల్లారుతుంది. ఒకపక్క దాన్ని బిగించిన సిలిండర్ హెడ్డు మాత్రం నీళ్ల చల్లదనంలో 90 డిగ్రీల దగ్గరే ఉంటుంది. 40 సెంటీమీటర్ల పొడవున్న మామూలు ఉక్కు గొట్టం 500 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 2.4 మిల్లీమీటర్లు సాగుతుంది. స్టెయిన్‌లెస్ స్టీల్ అయితే 3.4. సాగుతానని గొట్టం, కదలనివ్వనని హెడ్డు. ఈ గుంజులాట ప్రతి ప్రయాణంలోనూ జరుగుతుంది. బోల్టు రంధ్రాలు కొంచెం వదులుగా ఉంచడం, పొడవాటి మానిఫోల్డుని రెండు ముక్కలుగా చేసి ఒకదాంట్లో ఒకటి జారేలా కలపడం, ఇవన్నీ ఆ గుంజులాటకి చోటివ్వడానికే. కంపెనీ వాళ్లు ఏ సంవత్సరం ఏ మోడల్లో ఎక్కడ చిట్లిందో చూసుకుంటూ అక్కడ మందం పెంచుతారు, ఇక్కడ వంపు మారుస్తారు. కొన్న మానిఫోల్డుకి మనం ఇచ్చే డబ్బులో ఇనుము ధర కొంత, వాళ్ల పాత వైఫల్యాల ధర కొంత ఉంటుంది.

ఇక అసలు మాటకి వస్తాను. చేసుకోవాలా, కొనుక్కోవాలా అన్నప్పుడు మనం చూసేది ఆ వస్తువు ధర. నేను చూడమనేది, ఆ వస్తువు చెడితే దాని తర్వాత వరుసలో ఏం కూర్చుని ఉందో.

మానిఫోల్డు తర్వాత ఉన్నది టర్బో. చిన్న లారీ టర్బో చక్రం నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతుంది. ఐదు సెంటీమీటర్ల చక్రం ఆ వేగంతో తిరుగుతుంటే దాని అంచు సెకనుకి 250 మీటర్ల పైనే పరిగెడుతుంది. మనం చేసిన గొట్టం లోపల గోరంత వెల్డింగ్ చిట్టెం అంటుకుని ఉందనుకోండి. నాలుగు రోజులు వేడెక్కి చల్లారాక అది ఊడుతుంది. దానికి ఉన్న దారి ఒక్కటే, నేరుగా ఆ చక్రం మీదికి. రెక్క అంచు విరిగితే చక్రం తూకం తప్పుతుంది, తూకం తప్పితే బేరింగ్ పోతుంది, బేరింగ్ పోతే టర్బోకి వచ్చే ఆయిల్ ఇంజన్ గాలిదారిలోకి దిగుతుంది. డీజిల్ ఇంజన్ ఆ ఆయిల్‌నే తాగి పరిగెడుతుంది. తాళం తీసేసినా ఆగదు. చిట్టెం తీయని బద్ధకం దగ్గర మొదలైన నష్టం ఇంజన్ దాకా పోయే దారి ఇది.

గాజువాక వైపు ఒక పెద్దాయన దగ్గర నేను కొన్నాళ్లు పని నేర్చుకున్నాను. ఆయన విశాఖ బీహెచ్‌పీవీలో పీడనపాత్రలు వెల్డింగ్ చేసి రిటైరైన మనిషి. 1966లో మొదలై, 2013లో బీహెచ్ఈఎల్‌లో కలిసిపోయిన ఆ ఫ్యాక్టరీ మన ప్రాంతానికి ఇచ్చిన అసలు ఆస్తి ఇలాంటి చేతులే అని నా అభిప్రాయం. నేను ఎంతో ముచ్చటగా, నెమలి కంఠం రంగులు తేలేలా వేసిన స్టెయిన్‌లెస్ అతుకుని ఆయన చూసి, మారుమాట లేకుండా కట్టింగ్ మిషన్‌తో రెండుగా కోసేశారు. "బైట అందం ఎవుడిక్కావాలి నాయినా? గేసు పోయేది లోపల్నించి" అన్నారు. లోపల చూస్తే అతుకు వెనకభాగం నల్లగా, గరుకుగా, అడుగంటిన పాకంలా పలుకులు కట్టి ఉంది. స్టెయిన్‌లెస్ గొట్టాన్ని ఆర్గాన్ వెల్డింగ్ చేసేటప్పుడు లోపలి వైపు కూడా ఆర్గాన్ నింపకపోతే, గాలి తగిలి అలా అవుతుంది. ఆ పనివాళ్లు దాన్ని 'షుగరింగ్' అంటారు. చుట్టూ చెరకు పండే మన ఊళ్లో ఆ మాట మర్చిపోవడం కష్టం. ఆ పలుకులు గట్టిగా ఉండవు. రాలతాయి.

ఇదంతా విని మీరు భయపడి, "అయితే అన్నీ కొనేద్దాం" అనుకుంటే నా మాట సగమే చేరినట్టు. కొనడానికీ చేతనవ్వాలి. మార్కెట్లో దొరికే ప్రతి మానిఫోల్డూ మంచిది కాదు. కొత్త పోత మానిఫోల్డు చేతికిచ్చినప్పుడు లోపల వేలు పెట్టి తడమండి. పోత పోసినప్పటి ఇసుక అంటుకుని ఉంటే అదీ టర్బోకి గండమే. హెడ్డుకి ఆనే ముఖం మీద ఉక్కు స్కేలు నిలువుగా ఆనించి వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే వంపు తెలుస్తుంది. పాత గాస్కెట్ పెట్టి రంధ్రాలు కలుస్తున్నాయో లేదో చూడండి. పాత సామాన్ల షాపులో సెకండ్ హ్యాండ్‌ది తీసుకుంటున్నారా? తాడుతో వేలాడదీసి చిన్న సుత్తితో తట్టండి. సంతలో కుండ తట్టి కొనడం మనకి తెలిసిన విద్యే. గట్టి పోత ఖంగుమంటుంది, చిట్లినది బొంగురుగా పలుకుతుంది. ఇంకా అనుమానముంటే కిరోసిన్ పూసి, కాసేపాగి, శుభ్రంగా తుడిచి, పైన సుద్దపొడి అద్దండి. చిట్లు ఉంటే లోపల దాగిన కిరోసిన్ సుద్ద మీద గీతలా పైకి తేలుతుంది. ఈ పరీక్షకి పది రూపాయలు కూడా కాదు.

తమ్ముడి బండి విషయంలో మేం మొదట చేసిన పని కొనడమూ కాదు, చేయడమూ కాదు. ఎందుకు చిట్లిందో వెతికాం. టర్బో బరువు మొత్తం మానిఫోల్డు మీదే వేలాడకుండా కింద ఒక బ్రాకెట్ ఆసరా ఉంటుంది. దాని బోల్టు లేదు. అంతకుముందు ఎప్పుడో సైలెన్సర్ పని చేయించినప్పుడు విప్పినవాళ్లు తిరిగి వేయలేదు. కొన్ని నెలలుగా ఆ బరువంతా గుంతల రోడ్ల మీద ఊగుతూ ఉంది. ఈ సంగతి తెలియకుండా కొత్తది కొని బిగించి ఉంటే అదీ కొన్నాళ్లకి అక్కడే చిట్లేది. మనం సొంతంగా చేసి ఉంటే చేతగాక చిట్లిందనుకుని మన పనితనాన్నే తప్పు పట్టుకునేవాళ్లం. పాడైన వస్తువు ఎందుకు పాడైందో తెలుసుకోకముందు చేసుకోవడం గురించిగానీ కొనుక్కోవడం గురించిగానీ ఆలోచించొద్దు. ఈ ఒక్క సలహా కోసమైనా ఈ అధ్యాయం చదవడం దండగ కాదని నా నమ్మకం.

పాతదాన్నే అతికించలేమా అని కూడా తమ్ముడు అడిగాడు. బీడు మానిఫోల్డుని అతకొచ్చు. మంట మీద బాగా వేడి చేసి, నికెల్ రాడ్డుతో అంగుళం అంగుళం చొప్పున వేసి, ప్రతి ముక్కనీ చిన్నగా సుత్తితో తట్టి, చివరికి మొత్తాన్నీ పిప్పి బూడిదలో కప్పెట్టి మర్నాటిదాకా మెల్లగా చల్లారనివ్వాలి. అలా చేసినా, ఏళ్ల తరబడి వేడికి నలిగిన బీడు చాలాసార్లు అతుకు పక్కనే మళ్లీ చిట్లుతుంది. సరుకు దించి ఇంటికి చేరడానికి పనికొచ్చే వైద్యమే తప్ప సీజనంతా నమ్ముకోదగ్గది కాదు.

మన ఊరి రైతు ఈ లెక్క ఎప్పటినుంచో వేస్తున్నాడు. చెరకు పండించి చక్కెర ఫ్యాక్టరీకి తోలడమా, సొంత గానుగ మీద ఆడి బెల్లం దిమ్మలు పోసి అనకాపల్లి మార్కెట్‌కి పట్టుకెళ్లడమా? నూరు కిలోల చెరకుకి సుమారు పది కిలోల బెల్లం వస్తుంది. ధర బాగున్న ఏడు గానుగ మేలనిపిస్తుంది. కానీ గానుగ పెట్టాలంటే పెనం కావాలి, కూలీలు కావాలి, అన్నిటికంటే ముందు పాకం ఎప్పుడు దింపాలో కంటితో చెప్పగల వంటవాడు కావాలి. వాడు ఒక్క నిమిషం ఆలస్యం చేస్తే దిమ్మ రంగు పోతుంది, ధర పోతుంది. అదే రైతు విత్తనం మాత్రం తానే పుట్టించాలనుకోడు. 1913లో మొదలైన అనకాపల్లి పరిశోధనా కేంద్రం ఇచ్చిన రకాన్ని తెచ్చి నాటతాడు. కొత్త రకం తీయడానికి ఏళ్లు పడుతుంది, అది తన చేతిలో పని కాదని అతనికి తెలుసు. విత్తనం బయటినుంచి తెచ్చుకుని బెల్లం తానే వండుకోవడంలో అతనికి ఏ చిన్నతనమూ కనిపించదు. ఈ తెలివిని మనం యంత్రాల దగ్గరికి వచ్చేసరికి ఎందుకో వదిలేస్తాం. అంతా నేనే చేశాననిపించుకోవాలి, లేదంటే అంతా డబ్బు పడేసి తెచ్చుకోవాలి.

మానిఫోల్డుకీ ఆ మధ్యదారి ఉంది. మీరు నిజంగా కట్టుకోవాల్సిన సందర్భమే వస్తే, ఉదాహరణకి విద్యార్థుల పోటీలకి సొంతంగా కారు కట్టే ఇంజనీరింగ్ పిల్లలైతే, ఫ్లాంజ్‌లు లేజర్ కటింగ్‌లో చేయించండి, బెండ్లు కొనండి, అతుకులు మాత్రం మీరు వేయండి. ఫ్లాంజ్ 10 నుంచి 12 మిల్లీమీటర్ల మందం ఉండాలి. గొట్టం గోడ మూడు మిల్లీమీటర్లకి తక్కువ వద్దు. ఆవిరి లైన్లకి వాడే షెడ్యూల్ 40 పైపు బెండ్లు ఇందుకే ఇష్టపడతారు. టర్బో బరువుని, వేడిని మోయగల మందం వాటికి ఉంటుంది. జీఐ పైపు మాత్రం ముట్టుకోవద్దు. దాని మీది జింకు పూత వెల్డింగ్ వేడికి పొగై లేస్తుంది. ఆ పొగ పీల్చినవాళ్లకి రాత్రికి చలిజ్వరం వచ్చేస్తుంది.

మొదట టర్బోని బండిలో అది కూర్చోవాల్సిన చోట తాళ్లతోనో కర్రలతోనో నిలబెట్టి, గొట్టాల దారి దాన్ని బట్టి వెతుక్కోండి. చాలామంది గొట్టాలు ముందు కట్టేసి తర్వాత టర్బోకి చోటు వెతుకుతారు. టర్బో నుంచి ఆయిల్ కిందికి దిగేది తన బరువుతోనే, పంపుతో కాదు. కాబట్టి ఆ గొట్టం మెలికలు లేకుండా నేరుగా కిందికి పోవాలి, ఆయిల్ సంపులో మట్టానికి పైన చేరాలి. ఇది కుదరకపోతే ఎంత అందంగా కట్టినా టర్బో పొగ కక్కుతుంది. బ్రేకు పైపులు, డీజిల్ గొట్టాలు దగ్గర్లో ఉంటే దారి మార్చండి. ఈ ఒక్క విషయంలో సర్దుకుపోవద్దు, బండి తగలబడుతుంది.

అతుకు వేసేటప్పుడు ఫ్లాంజ్‌ని పాత సిలిండర్ హెడ్డుకో, మందపాటి పలకకో బిగించి ఉంచండి. ఒకే చోట వరుసగా వేయకుండా ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి వేస్తూ, పూర్తిగా చల్లారాకే విప్పండి. అయినా వంగుతుంది. అందుకే చివర్లో ఫేసింగ్ చేయించి ముఖం సమం చేయించుకోవాలి. లోపల వేలు, టార్చిలైటు, సన్నటి గ్రైండర్ రాయి, ఈ మూడింటితో ఒక పూట గడపండి. ఇంకో మాట. పాము చుట్టల్లా సమాన పొడవున్న గొట్టాలతో చేసిన రేసింగ్ మానిఫోల్డుల ఫొటోలు చూసి మోజు పడకండి. తక్కువ స్పీడులో లోడు లాగే డీజిల్ బండికి పొట్టిగా, గట్టిగా ఉండే సాదా మానిఫోల్డే మంచిది. వాయువు తిరగాల్సిన చోటు తక్కువైతే టర్బో త్వరగా అందుకుంటుంది. అతుకులు తక్కువైతే చిట్లే చోట్లూ తక్కువే.

టర్బో లేని పాత జీపుకి కొత్తగా టర్బో పెట్టాలని అడిగే కుర్రాళ్లకి చట్టం సంగతి కూడా చెప్పాలి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను, తయారీదారు ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చొద్దంటుంది. 2019 సవరణతో వచ్చిన 182ఎ సెక్షను ప్రకారం, అనుమతి లేకుండా చేసిన ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ దగ్గరా చిక్కే. ఉన్న మానిఫోల్డు స్థానంలో అలాంటిదే కంపెనీది వేసుకోవడానికి ఈ బెడద లేదు.

తమ్ముడికి చివరికి కొత్తదే కొనమన్నాను. వాడి ముఖం చిన్నబోయింది. వాడికి కావలసింది డబ్బు ఆదా ఒక్కటే కాదు, తన చేత్తో ఒకటి చేయాలన్న కోరిక కూడా ఉందని నాకు అప్పుడు అర్థమైంది. అది చాలా మంచి కోరిక. దానికి తగిన చోటు చూపించాలి, అంతే. వాళ్ల పొలంలో గానుగ తిప్పే పాత డీజిల్ ఇంజన్ ఉంది. దాని పొగగొట్టం తుప్పు పట్టి సగం ఊడిపోయింది. ఆ గొట్టం తర్వాత వరుసలో ఏమీ లేదు, ఆకాశం తప్ప. అతుకు పోతే చప్పుడు పెరుగుతుంది, మరేమీ కాదు. "ముందు అది చెయ్యి. ఫ్లాంజ్ నువ్వే కొయ్యి, బెండ్లు నువ్వే కలుపు. మొదటి అతుకు అయ్యాక కోసి నాకు చూపించు" అన్నాను.

ఆరు ముక్కలు కోసి చూపించాడు. మొదటి మూడూ లోపల సరిగా కలవలేదు. నాలుగోది పర్వాలేదు. ఆరోదాన్ని గాజువాక పెద్దాయనకి చూపిస్తే, తిప్పి తిప్పి చూసి, ఏమీ అనకుండా వాడి చేతికి తిరిగి ఇచ్చారు. ఆయన దగ్గర పని నేర్చుకున్న రోజుల్లో నాకు ఆ మౌనం దొరకడానికి రెండు నెలలు పట్టింది. కొత్త మానిఫోల్డు బిగించే రోజున టర్బో కింది బ్రాకెట్, పైన వేడి తగలకుండా రేకు, రెండూ తమ్ముడు చేసినవే వేశాం. ఆ రెండూ ఊడినా టర్బో లోపలికి పోయేది ఏమీ లేదు. బ్రాకెట్ బోల్టుని మాత్రం లోడు ఎక్కించే ప్రతిసారీ వాడే చూసుకుంటున్నాడు.

మీ దగ్గర చిట్లిన పాత మానిఫోల్డు ఉంటే తూకానికి వేసేయకండి. ఒక ఆదివారం దాన్ని నిలువునా కోయండి. గోడ ఎక్కడ మందంగా ఉంది, ఎక్కడ పల్చబడింది, వాయువు ఏ వంపు దగ్గర ఎక్కువ కాల్చింది, చిట్లు ఎక్కడ పుట్టి ఎటు పాకింది, అంతా దాని మీదే కనిపిస్తుంది. అది చూశాక మీ మానిఫోల్డు గురించి మీరే నిర్ణయించుకోండి.